రెండు పెడళ్ళ మధ్య కడ్డీ

మా మామయ్య “తెలీదండి” అన్నాడు. ఆ ఒక్క మాట చాలింది వాళ్ళకి.

అన్నది డ్రైవింగ్ స్కూలు ఆఫీసు గదిలో. గోడ మీద ట్రాఫిక్ గుర్తుల పటం, దాని కింద వరసగా ప్లాస్టిక్ కుర్చీలు, యజమాని బల్ల అద్దం మీద పేపర్లు ఎగరకుండా పెట్టిన పాత గేరు రాడ్ తల. విచారణకి వచ్చిన అధికారి కూర్చోలేదు. కూర్చుంటే ఆలస్యమవుతుందని కాబోలు. ఆయన అడిగింది చిన్న ప్రశ్నే. మలుపులో బ్రేకు తొక్కింది నువ్వా, నేర్చుకుంటున్న అమ్మాయా?

“తెలీదండి,” అన్నాడు మామయ్య.

“నీ కాలు ఏం చేసిందో నీకు తెలీదా?”

“పెడల్ కిందికి పోయిందని తెలుసండి. ఎవరి కాలితో పోయిందో తెలీదు.”

యజమాని రెండు చేతులూ పైకెత్తాడు. “విన్నారుగా సార్! తన కాలు ఎక్కడుందో తనకే తెలియని మనిషి పక్కన ఇన్నాళ్ళూ జనం ప్రాణాలు పెట్టానండీ నేను!”

ఆ అమ్మాయి మూల కుర్చీలో నుదుటికి కట్టుతో కూర్చుని ఉంది. ఆమెనీ అడిగారు. “నేను తొక్కలేదు. ఒట్టు. పెడల్ నా కాలి కింద నుంచి దానంతట అదే దిగిపోయింది,” అంది.

ఒకరు ఒట్టు వేశారు. ఒకరు తెలీదన్నారు. ఒట్టే గెలిచింది. మనవాళ్ళకి గట్టిగా చెప్పే అబద్ధం మీద ఉన్న గౌరవం, తడుముకుంటూ చెప్పే నిజం మీద ఉండదు. ఆ కారు టైర్లు గుండ్రాయిలా నున్నగా అరిగిపోయి ఉన్నాయన్న మాట ఆ గదిలో ఎవరూ ఎత్తలేదు. మామయ్యకి నేర్పే లైసెన్సు రద్దయింది. ఊళ్ళో మాత్రం అంతకన్నా పెద్ద శిక్ష పడింది. “టైలర్‌ని చంపిన మాస్టారు” అన్న పేరు అతుక్కుపోయింది.

నేర్పే కారుని చూడనివాళ్ళకి ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. అందులో బ్రేకు పెడళ్ళు రెండు. ఒకటి నేర్చుకునేవాళ్ళ కాలి కింద, ఇంకొకటి పక్క సీట్లో మాస్టారి కాలి కింద. రెంటినీ కలుపుతూ అడుగున ఒక ఇనుప కడ్డీ. మాస్టారు తొక్కితే అవతలి పెడల్ కూడా దిగుతుంది. అవతలివాళ్ళు తొక్కితే మాస్టారిదీ దిగుతుంది. భయపడ్డ మనిషి కాలు పెడల్‌ని అంటుకునే ఉంటుంది కాబట్టి, పెడల్ దిగితే కాలూ దాని వెంట దిగుతుంది. తోసిందా, వెంట పోయిందా? అది బయటివాళ్ళకే కాదు, ఒక్కోసారి ఆ కాలు ఎవరిదో వాళ్ళకీ తెలియదు.

జరిగింది ఇది. కొండ మీంచి ఊళ్ళోకి దిగే దారిలో, మూతపడ్డ రాళ్ళ క్వారీ పక్కన ఒక మలుపు ఉంది. ఒక పక్క గోడ, గోడ పక్కన కాంక్రీటు స్తంభం. చినుకులు పడుతున్న ఉదయం. స్టీరింగ్ దగ్గర ఆ అమ్మాయి, పక్కన మామయ్య, వెనక సీట్లో తన వంతు కోసం ఎదురుచూస్తున్న టైలర్. ఆ టైలర్‌ది రోజంతా మిషను తొక్కే కాలు. ఖాళీగా కూర్చున్నా ఆగేది కాదు. కారు నేల మీద టకటకా ఆడుతూనే ఉండేదట.

“ఏమయ్యా, బండికి కుట్లు వేస్తున్నావా?” అనేవాడు మామయ్య.

“చిరుగెక్కడుందో చూపించండి మాస్టారూ, ఊరికే వేసిపెడతాను,” అనేవాడతను.

ఆ ఉదయం బండి మలుపులోకి వేగంగా వెళ్ళింది. సరిగ్గా మలుపు మధ్యలో బ్రేకు పడింది. చక్రాలు బిగుసుకున్నాయి. బిగుసుకున్న చక్రం స్టీరింగ్ మాట వినదు. బండి ముక్కు గోడ వైపు తిన్నగా జారింది, తోక గిర్రున తిరిగి స్తంభానికి కొట్టుకుంది. టైలర్ కూర్చున్నది ఆ పక్కనే. ముందున్న ఇద్దరూ దెబ్బలతో బయటపడ్డారు.

మామయ్య దీన్ని నాకు చాలాసార్లు చెప్పాడు. ప్రతిసారీ చివర్లో ఒకే మాట. “నాకు గుర్తున్నది గుద్దుకున్న చప్పుడు కాదురా. అరుపూ కాదు. ఆ టకటక ఆగిపోవడం. మలుపు మొదట్లోనే ఆగిపోయింది. మా ఇద్దరికన్నా ముందు అతనికి తెలిసింది.”

తర్వాత మామయ్య బస్సు డిపోలో బస్సులు కడిగే పనికి కుదిరాడు. రబ్బరు బూట్లు, గొట్టం, పొడుగు కర్ర చివర బ్రష్. డ్రైవర్లు ఆయనతో పెద్దగా మాట్లాడేవాళ్ళు కాదు. ఆయన కూడా బస్సు డ్రైవర్ సీట్లోకి ఎక్కేవాడు కాదు. కింద నిలబడి చెయ్యి చాచి పెడళ్ళు తుడిచేవాడు, నిద్రపోతున్న జంతువు పంజా తుడిచినట్టు.

ఇంట్లో సంగతి వేరు. ఆయన కుడికాలు ఆయన మాట వినడం మానేసింది. కుర్చీలో కూర్చుని పేపరు చదువుతుంటే ఉన్నట్టుండి మడమ నేలకి ఆని పాదం ముందుకు వంగేది, గట్టిగా, మోకాలు బిగుసుకునేంతగా. కాసేపు అలాగే ఉండి మెల్లగా పైకి లేచేది. ఆయన కళ్ళు మాత్రం పేపరు మీదే. ఆయన కుర్చీ ముందు నేల మీద రంగు పోయి ఒక పాదమంత మేర తెల్లబడింది.

“నేను వంటింట్లోంచి కాస్త విసురుగా వచ్చానంటే చాలు, ఈయన బ్రేకు వేస్తారు,” అని అత్తయ్య నాతో నవ్వుతూ చెప్పేది. “తలుపు దగ్గర హారన్ కొట్టి రమ్మంటారేమో ఇక. పడుకున్నా అంతే నాయనా. దుప్పటి కింద ఎవరో నడుస్తున్నట్టు ఉంటుంది.”

నవ్వేది కానీ, మాట్లాడుతున్నంతసేపూ ఆయన కాలిని ఓ కంట కనిపెడుతూనే ఉండేది.

కాలిని మించి ఆయన్ని తినేసింది ఆ ప్రశ్న. టైలర్ పోయింది తన కాలి వల్లేనా? తన వల్లేనని ఎవరైనా రుజువు చేస్తే తల వంచుకుని బతికేవాడు. కాదని రుజువు చేస్తే తలెత్తుకుని బతికేవాడు. రెండూ కాక, సగం వంచిన తలతో బతకడం ఆయనకి చేతకాలేదు.

నేను ఆయన దగ్గర బండి నేర్చుకోవడం మా అమ్మ పుణ్యం. “తమ్ముడూ, వీడు ఉద్యోగాలన్నిటి మీదా ఉమ్మేసి, ఇంట్లో పుస్తకాలు నమిలి బతుకుతున్నాడు. నువ్వయినా వీడి చేతికి ఒక స్టీరింగ్ ఇవ్వు,” అని ఒక రోజు నా ఎదుటే అడిగింది. మామయ్య కాదంటాడనుకున్నాను. చాలాసేపు నా మొహం చూసి, “నీకు దేని మీదైనా తొందరగా కోపం వస్తుందా?” అని అడిగాడు.

“అన్నిటి మీదా వస్తుంది మామయ్యా.”

“మంచిది. కోపం ఉన్నవాడు గేరు బాగా మారుస్తాడు. బ్రేకు దగ్గరే చెడతాడు. అది నేను చూసుకుంటా.”

బండి దొరికిన చోటే నాకు మొదటిసారి వెన్ను జలదరించింది. మామయ్య స్నేహితుడు ఒక మెకానిక్. ప్రమాదంలో నుజ్జయిన ఆ స్కూలు కారుని తుక్కు కింద కొని, వంకరలు తీసి, రంగు మార్చి, కొత్త టైర్లు వేసి వాడుకుంటున్నాడు. పక్క సీటు కింద రెండో పెడల్ అలాగే ఉంది. తీయడానికి బద్ధకం అన్నాడు మెకానిక్. మామయ్య ఆ కారు తలుపు తీసి ఎక్కడానికి ముందు కాసేపు నిలబడ్డాడు. వెనక సీటు వైపు చూడలేదు. చూడకుండా ఉండటానికి ఎంత కష్టపడ్డాడో మెడ మీద నరాలు చెప్పాయి.

“ఈ బండేనా మామయ్యా? ఇంకోటి దొరకదా?”

“దీంట్లో అయితే నేను నిద్రపోను. అది నీకే మంచిది,” అన్నాడు.

ఆయన నేర్పే పద్ధతి మొదట్లో నాకు చిరాకు తెప్పించింది. అన్నీ మలుపుల గురించే. “చక్రానికి ఒక సమయంలో ఒకే పని చెప్పాలి. ఆగమనైనా చెప్పు, తిరగమనైనా చెప్పు. రెండూ చెప్తే రెండూ చెయ్యదు. నీలాగే.” మలుపు ఇంకా కనపడుతూ ఉండగానే, దారి తిన్నగా ఉన్న చోటే బ్రేకు వెయ్యాలి. గేరు దించాలి. మలుపు మొదలయ్యేసరికి కాలు బ్రేకు మీంచి వచ్చేయాలి. కళ్ళు బండి ముందు కాదు, మలుపు అవతల దారి ఎక్కడ తెరుచుకుంటుందో అక్కడ ఉండాలి. చేతులు కళ్ళ వెంట పోతాయి, బండి చేతుల వెంట పోతుంది. దారి తెరుచుకున్నాక యాక్సిలరేటర్ మెల్లగా.

“ఒకవేళ వేగంగా లోపలికి వెళ్ళిపోతే?”

“వెళ్ళిపోతే ఏమీ చెయ్యకు. తొక్కకు. వెళ్ళాల్సిన వైపే చూస్తూ తిప్పు. టైరు మంచిదైతే, నేల పొడిగా ఉంటే, నువ్వనుకున్న దానికన్నా ఎక్కువే తిరుగుతుంది. ఏమీ చెయ్యకపోవడమే కష్టం. గోడని చూస్తూ కాలు ఊరుకోదు.”

గోడ వైపు చూస్తే బండి గోడకే పోతుందని ఆయన చెప్పాడు. అది నిజమని నేనే చాలాసార్లు చూశాను. భయపడ్డదాని వైపే మనిషి పోతాడు. ఇది బళ్ళ గురించే రాస్తున్నాను.

ఇక ఆ చప్పుడు. మొదటి వారంలోనే విన్నాను. కొండ దారి తిన్నగా ఉన్నప్పుడు వెనక సీటు దగ్గర్నుంచి చిన్నగా టకటకా, టకటకా. క్వారీ మలుపు రాగానే ఆగిపోయేది. దాటాక మళ్ళీ మొదలయ్యేది కాదు. ఊళ్ళోకి వచ్చేదాకా నిశ్శబ్దం.

“వింటున్నావా?” అని అడిగాడు మామయ్య ఒక రోజు, తల తిప్పకుండా.

“సైలెన్సర్ మీద రేకు వదులైనట్టుంది.”

“అయ్యుంటుంది.”

మెకానిక్‌కి చెప్తే కిందికి దూరి రేకు బిగించాడు. మర్నాడు మళ్ళీ వినపడింది. ఇంకోసారి బిగించాడు. ఆ తర్వాత నేను చెప్పడం మానేశాను. పుస్తకాలు చదివినవాణ్ణి, ఇలాంటివాటికి కారణాలుంటాయని తెలుసు. కారణం తెలిసినంత మాత్రాన వీపు ఊరుకోదు.

ఆ అమ్మాయిని నేను చూసింది ఆ రోజుల్లోనే. అమ్మాయి అంటున్నాను గానీ ఇప్పుడామెకి నడివయసు. తపాలా ఆఫీసు వెనక వీధిలో ఒంటరిగా ఉంటుంది. ప్రమాదం తర్వాత ఏ బండీ ఎక్కలేదని, ఎంత దూరమైనా నడిచే వెళ్తుందని విన్నాను. నాకామె మీద కడుపుమంట. ఒట్టేసి ఒక మనిషిని ముంచి, ఆవిడ మాత్రం హాయిగా నడుచుకుంటూ తిరుగుతోందని. ఎదురుపడితే ఏదో ఒకటి అనేయాలని ఎన్నాళ్ళుగానో మాటలు నూరిపెట్టుకున్నాను.

మిట్ట మధ్యాహ్నం, వీధి ఖాళీగా ఉంది. చేతిలో సంచీతో ఆమె నాకు ముందు నడుస్తోంది. వీధి మలుపు దగ్గరికి వచ్చేసరికి ఆగింది. బండేదీ రావడం లేదు, మనిషీ లేడు. మడమ నేలకి ఆని, కుడి పాదం మెల్లగా ముందుకు వంగింది. మోకాలు బిగుసుకుంది. కాసేపు అలాగే నొక్కి ఉంచి, వదిలి, మలుపు తిరిగి వెళ్ళిపోయింది.

నేను ఎండలో నిలబడిపోయాను. ఆ కాలిని నేనెరుగుదును. రోజూ మామయ్య కుర్చీ ముందు చూస్తున్నదే. అదే మడమ, అదే ఒంపు, అంతే సేపు. ఒకే కాలు రెండు ఒంట్లలో కాపురం ఉన్నట్టు అనిపించింది. నూరిపెట్టుకున్న మాటల్లో ఒక్కటీ నోట్లో లేదు.

ఆ సాయంత్రమే మామయ్యకి చెప్పాను. ఆయన బూట్లు విప్పుతున్నవాడల్లా ఆగిపోయాడు.

“ప్రతి మలుపు దగ్గరా?”

“నేను చూసింది ఒక్క మలుపే. కానీ అలవాటు పడ్డ కాలు మామయ్యా అది. తెలుస్తోంది.”

అత్తయ్య తలుపు దగ్గర నిలబడి వింటోంది. “అయితే ఆవిడే తొక్కిందన్నమాట. పాపం కాల్లోంచి బయటికి కక్కుతోంది,” అంది.

“అలా అయితే నా కాలు కక్కుతున్నదేంటి?” అన్నాడు మామయ్య.



మర్నాడు కారులో కూర్చున్నాక ఆయన నాతో ఒక ఒప్పందం చేసుకున్నాడు. “ఒరేయ్, నా కాలు పరీక్షకి నిలబడాలి. ఏదో ఒక రోజు, నీ ఇష్టం వచ్చిన రోజు, క్వారీ మలుపులోకి నేను చెప్పిన దానికన్నా వేగంగా వెళ్ళు. నేల పొడిగా ఉన్న రోజు చూసుకో. నీ కాలు మాత్రం బ్రేకు మీద పెట్టకు. పూర్తిగా వెనక్కి లాక్కో. అప్పుడు పెడల్ దిగిందంటే అది నా కాలే. తేలిపోతుంది.”

“దిగితే గోడకి పోతాం మామయ్యా.”

“టైర్లు కొత్తవి. నేల పొడి. కొంచెం జారుతుంది, అంతే. ఎవరూ తొక్కకపోతే బండి శుభ్రంగా తిరుగుతుంది, ఆ వేగానికి తిరుగుతుందని నాకు తెలుసు. ఎప్పుడు చేస్తావో నాకు చెప్పకు. చెప్తే నా కాలు జాగ్రత్తపడుతుంది. దాన్ని నమ్మలేం.”

తన కాలి గురించి ఎవరో మూడో మనిషి గురించి చెప్పినట్టు చెప్పాడు. కాదనాల్సింది. కాదనలేదు. నాకూ తేల్చాలనే ఉంది. నా లెక్కలో ఆయన నిర్దోషి, ఆవిడ అబద్ధాలకోరు. అది రుజువైతే యజమాని బల్ల మీద గుద్ది చెప్పాలని నా ఆశ.

ఆ తర్వాత రోజులు ఎలా గడిచాయో చెప్పడం కష్టం. రోజూ ఆ మలుపుకి వెళ్తాం. రోజూ ఇవాళేనా అని ఆయన అనుకుంటాడని నాకు తెలుసు. రోజూ మామూలుగా, తిన్నటి దారిలోనే బ్రేకు వేసి, వదిలి, తిరిగి, దాటేస్తాను. దాటాక ఇద్దరం ఒకేసారి ఊపిరి వదులుతాం. కొండ మీద చలి మొదలైందని ఆయన ఒళ్ళో ఒక మందపాటి శాలువా పరుచుకునేవాడు, కాళ్ళ దాకా. వెనక టకటక మాత్రం ఆలస్యం ఎందుకన్నట్టు తొందరపెట్టేది.

ఒక ఉదయం మంచు పూర్తిగా విడిచి, దారి ఎముకలా పొడిగా కనిపించింది. ఇవాళే అనుకున్నాను. తిన్నటి దారి వచ్చింది. బ్రేకు వెయ్యాల్సిన చోటు వచ్చింది, వెళ్ళిపోయింది. కాలు వెనక్కి లాగేసి సీటు కింద ఆనించాను. చల్లటి ఇనుము మడమకి తగలడం నాకు గుర్తుంది. అది కచ్చితంగా గుర్తుంది. మామయ్య ఏమీ అనలేదు. వెనక చప్పుడు ఆగింది. గోడ పెద్దదైంది. చేతులు తిప్పుతున్నాయి, బండి తిరుగుతోంది, ఇంకాస్త, దారి తెరుచుకోబోతోంది.

బ్రేకు పడింది.

చక్రాలు కీచుమన్నాయి. స్టీరింగ్ చేతుల్లో చచ్చిపోయింది. తోక పక్కకి విసిరింది, గోడ అద్దం నిండా వచ్చింది, బండి ఆగింది. ఇంజిన్ ఆగిపోయింది. గోడకీ మాకూ మధ్య ఒక మనిషి పక్కగా నడిచేంత జాగా.

“తొక్కేశావు మామయ్యా!” నా గొంతు పగిలిపోయింది. “తొక్కేశావు! నేను కాలు పెట్టనేలేదు. ఒట్టు మామయ్యా, నా కాలు వెనకుంది!”

ఆయన నా వైపు తిరిగాడు. మొహంలో భయం లేదు. జాలి ఉంది. ఒళ్ళో శాలువా మెల్లగా పక్కకి తీశాడు.

రెండు కాళ్ళూ సీటు మీదికి మడుచుకుని కూర్చున్నాడు. చెప్పులు కింద విడిగా పడి ఉన్నాయి. వాటి ముందు ఆయన వైపు పెడల్ నేలకి అంటుకుపోయి ఉంది. దాని మీద ఏమీ లేదు. ఎవరి కాలూ లేదు. అది అలా తొక్కి పట్టి ఉంది.

ఎంతసేపు దాన్నే చూశానో తెలియదు.

“ఇప్పుడు నీ వైపు చూసుకో,” అన్నాడు మామయ్య.

చూసుకున్నాను. నా కుడికాలు బ్రేకు మీద ఉంది. మోకాలు కర్రలా బిగుసుకుని ఉంది. దాన్ని నేనక్కడ పెట్టలేదు. ఇప్పటికీ చెప్తున్నాను, నేను పెట్టలేదు. సీటు కింది ఇనుము చల్లదనం ఇంకా నా మడమకి తెలుస్తూనే ఉంది. తియ్యమని కాలికి చెప్పాను. వెంటనే రాలేదు. చేత్తో పట్టుకుని లాగాల్సి వచ్చింది. లాగగానే రెండు పెడళ్ళూ కలిసి పైకి లేచాయి.

ఆగిపోయిన బండిలో, వెనక సీటు దగ్గర, టక. టక. ఆపైన నిశ్శబ్దం. వేడెక్కిన ఇనుము చల్లబడేటప్పుడు అలాంటి చప్పుడు చేస్తుందని తర్వాత మెకానిక్ అన్నాడు. సరే.

“ఎన్నాళ్ళనుంచి కాళ్ళు మడుచుకుని కూర్చుంటున్నావు?” అని అడిగాను చివరికి.

“ఒప్పందం చేసుకున్న రోజు నుంచి. శాలువా అందుకే.”

“మరి పరీక్ష నీ కాలికన్నావు!”

“నా కాలు సంగతి నాకు తెలుసురా. అది తొక్కుతుంది. అన్నం దగ్గర తొక్కుతుంది, నిద్రలో తొక్కుతుంది, దాని దగ్గర తెలుసుకునేదేముంది? నాకు తెలియాల్సింది నువ్వు కూర్చున్న సీటు సంగతి. ఆ సీట్లో కూర్చున్నవాడు తొక్కి కూడా తొక్కలేదని ఒట్టు వేస్తాడా, మనస్ఫూర్తిగా వేస్తాడా అని.” శాలువా మడిచి పక్కన పెట్టాడు. “వేశావు.”

“అంటే ఆవిడే తొక్కింది! తేలిపోయింది మామయ్యా! పద, ఆ యజమాని గొంతు పట్టుకుని...”

“ఏం తేలింది? ఆ రోజు నా కాళ్ళు మడుచుకుని లేవు కదా. ఆమె తొక్కిందో, నేను తొక్కానో ఇప్పటికీ తెలీదు. ఇక ఎప్పటికీ తెలీదు. ఆ అమ్మాయి అబద్ధం ఆడలేదు. ఇవాళ తేలింది అది.”

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంత ప్రమాదం మీద వేసుకుని, ఈ మనిషి తెచ్చుకున్నది తనకి ఉపయోగపడేది కాదు. ఎదుటి మనిషికి పనికొచ్చేది. ఇలాంటివాళ్ళనే లోకం నలిపేస్తుందని అరవాలనిపించింది. కానీ నా కాలు వణుకుతోంది. దాన్ని రెండు చేతులతో అదిమి పట్టుకుని కూర్చున్నాను. ఊళ్ళోకి బండి ఆయనే నడిపాడు. ప్రమాదం తర్వాత ఆయన స్టీరింగ్ పట్టడం అదే మొదటిసారి.

ఆ సంఘటన తర్వాత కొన్నాళ్ళకి వేరే ఊళ్ళో సరుకుల వ్యాన్ నడిపే పని దొరికింది నాకు. వెళ్ళే ముందు చెప్పి పోదామని డిపోకి వెళ్ళాను. ఆ తర్వాత మామయ్యని ఇంకా కలవలేదు. ఫోన్ చేస్తే అత్తయ్యే ఎత్తుతుంది, అంతా బాగానే ఉందంటుంది. ఆయన ఫోన్ దగ్గరికి రాడు.

డిపోలో ఆయన ఒక బస్సు ముందు అద్దం తుడుస్తున్నాడు. నన్ను చూసి గొంతు పెంచకుండానే, “వెళ్ళానురా,” అన్నాడు. ఎక్కడికో అడగక్కర్లేదు.

“ఏమంది?”

“తలుపు తీసింది, నన్ను చూసి వేసేసింది. మళ్ళీ తీసింది. ఇద్దరం ఒకరి కాళ్ళ వైపు ఒకరం చూసుకున్నాం. నవ్వొచ్చిందిరా నాకు. నవ్వాల్సిన సంగతేనా అది? ఆమెకీ వచ్చింది. చెప్పాను, నువ్వు అబద్ధం ఆడలేదమ్మా అని. ఏమందో తెలుసా? ఒట్టు వేసినప్పుడు నమ్మే వేసిందట, కాలు ఇలా ఆడటం మొదలయ్యాకే తనే తొక్కిందేమోనని అనుమానం వచ్చిందట. తనే తొక్కిందని నాకు తెలిసి కూడా, తెలీదని చెప్పి తనని కాపాడాననుకుందట. ఇన్నాళ్ళూ నా మొహం చూడలేక వేరే వీధుల్లోంచి నడిచిందట.”

“నువ్వేమన్నావు?”

“అంత మంచివాణ్ణి కాదమ్మా అన్నాను.”

బస్సు అద్దం మీద నీళ్ళు చారలు కట్టి దిగుతున్నాయి. ఆయన గుడ్డ పిండి భుజం మీద వేసుకున్నాడు. కుడికాలు తడి నేల మీద ఒకసారి ముందుకు వంగి, లేచింది. ఆయన దాని వైపు చూడలేదు.

“మళ్ళీ నేర్పుతారా మాస్టారూ అని అడిగింది. నేర్పుతానన్నాను. రేపు పొద్దున్న మెకానిక్ బండిలో కొండెక్కుతున్నాం. నా వైపు పెడల్ పీకించేశాను, కడ్డీ కోయించేశాను. మలుపులో ఏం జరిగినా ఈసారి తన కాలేనని ఆమెకి తెలియాలి కదా. నేను పక్కన ఊరికే కూర్చుంటాను,” అన్నాడు. గొట్టం చేతిలోకి తీసుకుని, “నాకు భయంగా ఉన్నది ఆ ఊరికే కూర్చోవడానికేరా,” అన్నాడు.